గుడ్డు గుట్టు పట్టే ముక్కు

వంకాయ కొనేటప్పుడు ముచ్చిక చూస్తాం. బెండకాయ కొన విరిచి చూస్తాం. చేపైతే మొప్ప ఎత్తుతాం. మామిడిపండును ముక్కు దగ్గర పెట్టుకోకుండా సంచీలో వేసుకోం. గుడ్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన బేరసారాల తెలివంతా ఆగిపోతుంది. ట్రేలో ముప్పై ఉంటాయి. ముప్పైకి ముప్పై ఒకేలా తెల్లగా కనిపిస్తాయి. ‘‘ఎప్పటివండీ?’’ అని అడిగితే దుకాణదారు తల ఎత్తకుండానే ‘‘పొద్దున్నే దిగిన లోడండీ’’ అంటాడు. అది అబద్ధం కాదు. లోడు నిజంగానే పొద్దున దిగింది. కోడి ఎప్పుడు పెట్టిందన్నది మనం అడగలేదు. అడిగినా ఆయనకు తెలియదు.

కేంద్ర పశుసంవర్ధక శాఖ లెక్కల ప్రకారం 2023-24లో దేశంలో 14,277 కోట్ల గుడ్లు ఉత్పత్తి అయ్యాయి. అందులో 17.85 శాతంతో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. తెలంగాణ వాటా 12.88 శాతం. అంటే దేశంలో పెట్టే ప్రతి పది గుడ్లలో మూడు తెలుగు నేల మీదివే. అనపర్తి, మండపేట, తణుకు చుట్టుపక్కల షెడ్లలో పెట్టిన గుడ్డు ఒడిశా, బెంగాల్ దాటి అస్సాం దాకా లారీలో వెళుతుంది. గుడ్ల ధర ప్రకటించే ‘నెక్’ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) రోజూ చెప్పే రేటు వంద గుడ్లకు ఎంతో ఊళ్లో చిన్న దుకాణం దాకా తెలుస్తుంది. ఆ వంద గుడ్ల వయసు మాత్రం ఎవరికీ తెలియదు. ఈ లోటు తీర్చడానికే శాస్త్రవేత్తలు గుడ్డు దగ్గర ఒక కృత్రిమ ముక్కును పెట్టి చూస్తున్నారు. పెంకు పగలగొట్టకుండా, లోపలినుంచి వచ్చే వాయువులను పసిగట్టి, ఇది తాజాదా, పాతదా, మురిగిందా చెప్పే సెన్సర్ అది.

పగిలితేనే తెలిసే నిజం

మన వంటిళ్లలో గుడ్డుకు పెట్టే పరీక్షలు తక్కువేమీ కాదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూస్తారు. లోపల గలగలమంటే పాతదని లెక్క. నీళ్ల గిన్నెలో వేసి చూస్తారు. తాజాది అడుగున పడుకుంటుంది, రోజులు గడిచినది అడుగునే నిలబడుతుంది, బాగా పాతది తేలుతుంది. అనుభవమున్న ఇల్లాలు ఏ గుడ్డునూ నేరుగా పెనం మీద కొట్టదు. ముందు చిన్న గిన్నెలోకి కొట్టి, చూసి, అప్పుడు కలుపుతుంది. ఒక్క మురిగిన గుడ్డు మిగతా అయిదింటినీ పాడు చేసిన అనుభవం ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంటుంది కాబట్టి.

నీళ్ల పరీక్షలో శాస్త్రం ఉంది. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీల సెల్సియస్. బయటపడిన గుడ్డు చల్లారుతుంటే లోపలి పదార్థం కొద్దిగా కుంచించుకుపోయి, లావు వైపున రెండు పొరల మధ్య చిన్న గాలి గది ఏర్పడుతుంది. తర్వాత రోజురోజుకూ గుడ్డులోని తేమ పెంకు గుండా ఆవిరైపోతూ ఉంటే ఆ గది పెద్దదవుతుంది. అందుకే పాత గుడ్డు తేలుతుంది. అమెరికాలో మేలైన ‘ఏఏ’ గ్రేడు గుడ్డుకు ఈ గది లోతు దాదాపు 3 మిల్లీమీటర్లు మించకూడదు. యూరప్‌లో ‘ఏ’ తరగతి గుడ్డుకు 6 మిల్లీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. గుడ్డు వెనక దీపం పెట్టి ఈ గదిని కొలవడం పాత పద్ధతే. హ్యాచరీల్లో, గ్రేడింగ్ కేంద్రాల్లో ఇప్పటికీ అదే నడుస్తోంది. అయితే దీపం పరీక్ష గాలి గదిని, పగుళ్లను, రక్తపు మచ్చలను చూపించినంత బాగా తెల్లసొన ఎంత పలచబడిందో చూపించదు. గోధుమరంగు పెంకైతే చూడటం మరీ కష్టం.

తాజాదనాన్ని అంకెల్లో చెప్పే అసలు కొలమానం వేరే ఉంది. 1937లో అమెరికాకు చెందిన రేమండ్ హా తయారు చేసిన ‘హా యూనిట్’ అది. గుడ్డును బల్లపరుపు గాజుపలక మీద కొట్టి, పచ్చసొన పక్కన చిక్కగా నిలిచిన తెల్లసొన ఎత్తును కొలిచి, గుడ్డు బరువుతో సరిచేసి లెక్క కడతారు. 72 పైన వస్తే ‘ఏఏ’, 60 నుంచి 72 మధ్య ‘ఏ’, అంతకంటే తక్కువైతే ‘బి’. ఎనభై ఏళ్లు దాటినా ప్రపంచమంతా ఈ కొలతనే నమ్ముతోంది. చిక్కల్లా ఒక్కటే. తాజాదని తేలిన గుడ్డుకు కూడా ఆ గాజుపలకే ఆఖరి మజిలీ. వందలో నాలుగైదు కొట్టి చూసి మిగతావి కూడా అలాగే ఉంటాయని నమ్మాలి.

పెంకు వదిలే ఊపిరి

పెంకు చూడటానికి రాయిలా ఉన్నా దాని నిండా కంటికి కనపడని రంధ్రాలే. ఒక్కో గుడ్డుకు ఏడు వేల నుంచి పదిహేడు వేల దాకా ఉంటాయి. పిల్ల ఎదగాలంటే లోపలికి ఆక్సిజన్ రావాలి, బొగ్గుపులుసు వాయువు బయటికి పోవాలి. ఆ ఏర్పాటు పొదగని గుడ్డులోనూ ఉంటుంది. కాబట్టి గుడ్డు తన గుట్టును కొద్దికొద్దిగా గాలిలోకి వదులుతూనే ఉంటుంది. పట్టుకునే సాధనం ఉండాలంతే.

మొదట బయటికి వచ్చేది ఆ బొగ్గుపులుసు వాయువే, అంటే కార్బన్ డయాక్సైడ్. అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో ఇది బాగా కరిగి ఉంటుంది. బాగా తాజా గుడ్డు కొడితే తెల్లసొన కాస్త మబ్బుగా కనిపించడానికి కారణం అదే. చూసి పాడైందనుకుని పారబోసేవాళ్లున్నారు పాపం. ఈ వాయువు రంధ్రాల గుండా పోతున్నకొద్దీ తెల్లసొన క్షారగుణం పెరుగుతుంది. పెట్టిన నాడు 7.6 దగ్గర ఉన్న పీహెచ్ కొన్నాళ్లకు 9 దాటిపోతుంది. దాంతో తెల్లసొనకు చిక్కదనమిచ్చే ప్రోటీన్ల అల్లిక సడలి, అది నీళ్లలా జారిపోతుంది. పచ్చసొన పొర బలహీనపడి, గుడ్డు కొట్టగానే చితికిపోతుంది. ఉడికించిన గుడ్డు పెంకు సరిగ్గా ఊడిరావాలంటే మాత్రం ఈ మార్పు కొంత జరిగి ఉండాలి. మరీ తాజా గుడ్డు తెల్లసొన పొరకు అంటుకుపోయి, ఒలిస్తే గుంటలు గుంటలుగా వస్తుంది. కోడిగుడ్ల పులుసుకు నాలుగైదు రోజుల గుడ్డే మేలని వంటవాళ్లు అనేది ఊరికే కాదు.

ఇదంతా ఎంత వేగంగా జరుగుతుందో నిర్ణయించేది రోజుల కంటే ఎక్కువగా వేడి. ఫ్రిజ్‌లో వారాలు పట్టే మార్పు మే నెల రేకుల షెడ్డులో కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. అందుకే ఒకే రోజు పెట్టిన రెండు గుడ్లు ఒకే వయసువి కావు.

రెండో దశ వాయువులు అందరికీ తెలిసినవే. తెల్లసొనలో లైసోజైమ్ లాంటి రక్షకులు ఉంటాయి. ఇనుమును పట్టేసి బ్యాక్టీరియాను పస్తు పెట్టే కోనాల్బుమిన్ ఉంటుంది. వీటిని దాటుకుని సూడోమొనాస్, ప్రోటియస్ వంటి సూక్ష్మజీవులు లోపల స్థిరపడితే అవి ప్రోటీన్లను ముక్కలు చేస్తాయి. గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు విరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. వెంట అమ్మోనియా, అమైన్లు వస్తాయి. మురిగిన గుడ్డు కంపు అంటే ఇదే. ఈ వాయువును పసిగట్టడంలో మన ముక్కు అసాధ్యురాలు. వంద కోట్ల పాళ్ల గాలిలో కొద్ది పాళ్లు ఉన్నా కనిపెట్టేస్తుంది. ఎక్కువసేపు ఉడికించిన గుడ్డు పచ్చసొన చుట్టూ కనిపించే ఆకుపచ్చటి వలయం కూడా ఈ వాయువు పచ్చసొనలోని ఇనుముతో కలిసి చేసిన పనే. అది పాడైన గుర్తు కాదు, నిశ్చింతగా తినవచ్చు.

తగుచి పట్టిన ముక్కు

జపాన్‌లో వంటగ్యాసు సిలిండర్లు లీకై ఇళ్లు పేలిపోతున్న రోజుల్లో నవోయోషి తగుచి అనే ఇంజనీరు దానికి ఉపాయం వెతికాడు. 1962లో ఆయన పేటెంటుకు పెట్టిన సెన్సర్‌లో ముఖ్య పదార్థం టిన్ డయాక్సైడ్, అంటే తగరపు ఆక్సైడ్. దాన్ని కొన్ని వందల డిగ్రీల దాకా వేడి చేస్తే గాలిలోని ఆక్సిజన్ దాని ఉపరితలాన్ని పట్టుకుని ఎలక్ట్రాన్లను లాగేసుకుంటుంది. కరెంటు ప్రవాహానికి అడ్డు పెరుగుతుంది. అప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్, ఆల్కహాల్, వంటగ్యాసు వంటివి తగిలితే అవి ఆ ఆక్సిజన్‌ను తినేస్తాయి. ఎలక్ట్రాన్లు తిరిగి విడుదలవుతాయి, అడ్డు తగ్గుతుంది. ఆ తగ్గుదలే వాసన. తగుచి పెట్టిన ఫిగారో సంస్థ సెన్సర్లు ‘టీజీఎస్’ పేరుతో ఇప్పటికీ దొరుకుతాయి. చైనాలో తయారయ్యే ‘ఎంక్యూ’ రకాలు కొన్ని వందల రూపాయలకే వస్తాయి. మన ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టు గదుల్లో ఆర్డ్యునో బోర్డు పక్కన కనిపించే చిన్న జల్లెడ మూత డబ్బీ ఇదే.

ఒక్క సెన్సర్ ఏ వాయువు తగిలిందో చెప్పలేదు. ఏదో తగిలిందని మాత్రమే చెప్పగలదు. 1982లో ఇంగ్లండ్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయంలో కృష్ణ పర్సాద్, జార్జ్ డాడ్ దీనికి దారి చూపించారు. తేడా తేడాగా స్పందించే మూడు సెన్సర్లను పక్కపక్కన పెట్టి, మూడింటి జవాబుల కలయికతో వాసనలను వేరు చేయవచ్చని ‘నేచర్’ పత్రికలో రాశారు. మన ముక్కు చేసేదీ అదే. ఒక్కో వాసనకు ఒక్కో గ్రాహకం లేదు. కొన్ని వందల గ్రాహకాల జవాబులను మెదడు కలిపి చదువుకుంటుంది. అలా పుట్టిందే ఎలక్ట్రానిక్ ముక్కు.

ఆ ముక్కును గుడ్డు దగ్గరికి తెచ్చిందీ వార్విక్ పరిశోధకులే. 2003లో వాళ్లు మార్కెట్లో దొరికే నాలుగు టిన్ ఆక్సైడ్ సెన్సర్లతో, పగలని గుడ్ల చుట్టూ పోగైన గాలిని రోజుల తరబడి పరీక్షించారు. సెన్సర్ల అంకెలను న్యూరల్ నెట్‌వర్క్‌కు ఇచ్చి నేర్పితే 95 శాతం దాకా సరైన వర్గంలో పెట్టగలిగింది. 2009లో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం వారు ఇలాంటి ముక్కుతోనే గుడ్డు నిల్వ ఉన్న రోజులనూ హా యూనిట్‌నూ అంచనా వేసే ప్రయత్నం చేశారు. గాజుపలక అక్కర్లేని హా యూనిట్ అన్నమాట.

95 శాతమంటే ఎంత?

ప్రయోగశాలలో 95 అంటే మెచ్చుకోవాల్సిందే. కోళ్లఫారం లెక్కలో పెట్టి చూద్దాం. లక్ష గుడ్ల లోడు ఉందనుకోండి. అందులో వందకు ఒకటి, అంటే వెయ్యి పాడైనవి అనుకుందాం. సెన్సర్ మంచివాటినీ చెడ్డవాటినీ 95 శాతం సరిగ్గా గుర్తుపడుతుందంటే, వెయ్యిలో 950 పట్టుకుంటుంది. బాగానే ఉంది. మిగతా 99,000 మంచి గుడ్లలో అయిదు శాతం, అంటే 4,950 గుడ్లను కూడా చెడ్డవనేస్తుంది. పక్కన పెట్టిన 5,900లో నిజంగా చెడ్డవి ఆరింట ఒకటి కూడా లేవు! ఏ రైతు ఒప్పుకుంటాడు? గుడ్డు మీద మిగిలేది పైసల్లో ఉండే వ్యాపారంలో ఇలాంటి యంత్రం వారం కూడా నిలబడదు.

వేగం ఇంకో అడ్డంకి. పెద్ద గ్రేడింగ్ యంత్రాల మీద గంటకు లక్షకు పైగా గుడ్లు దొర్లుకుంటూ పోతాయి. పగలని గుడ్డు వదిలే వాయువు అతి స్వల్పం. అది కొలవదగినంత పోగవాలంటే గుడ్డును మూసిన డబ్బాలో కొంతసేపు ఉంచాలి. కెమెరాతో పగులు పట్టడానికి క్షణం చాలు. వాసన పట్టడానికి నిమిషాలు కావాలి.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు గుడ్డు స్వభావంలోనే ఉంది. నాకైతే ఈ అంశం మొత్తంలో ఆసక్తికరమైన సంగతి అదే అనిపిస్తుంది. గుడ్డు జీవితంలో వాయువులు బాగా వచ్చేది రెండు కాలాల్లో. తొలి రోజుల్లో కార్బన్ డయాక్సైడ్, మురిగాక హైడ్రోజన్ సల్ఫైడ్. నడిమధ్య రోజులూ వారాలూ గుడ్డు దాదాపు మౌనంగా ఉంటుంది. మనకు కావాల్సిన సమాచారం ఆ మౌనంలోనే ఉంది. మురిగినదాన్ని మన ముక్కే చెబుతుంది, అందుకు సెన్సర్ అక్కర్లేదు. పొద్దున్నే పెట్టినదాన్ని కోళ్లఫారం దగ్గర కొనేవాడు ఎలాగూ నమ్ముతాడు. దుకాణంలో ఉన్నది పది రోజుల గుడ్డా, ఇరవై రోజుల గుడ్డా అన్నదే ప్రశ్న. సరిగ్గా అక్కడే సెన్సర్ తడబడుతుంది.

ఆ తొలినాళ్ల కార్బన్ డయాక్సైడ్‌నైనా టిన్ ఆక్సైడ్ సెన్సర్ పట్టగలదా అంటే, లేదు. అది ప్రధానంగా ఆక్సిజన్‌ను తినే వాయువులకే స్పందిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ ఆ పని చేయదు. ‘ఎంక్యూ-135’తో కార్బన్ డయాక్సైడ్ కొలిచామని చెప్పే విద్యార్థి ప్రాజెక్టులు చాలానే కనిపిస్తాయి. అవి చూపించే అంకెలు గదిలోని మిగతా వాయువులవీ తేమవీ. కార్బన్ డయాక్సైడ్‌కు పరారుణ కాంతితో పనిచేసే సెన్సర్ వేరే ఉంది. ఈ వాయువు 4.26 మైక్రాన్ల దగ్గర కాంతిని పీల్చుకునే గుణాన్ని అది వాడుకుంటుంది. పనితనం నమ్మదగినదే, ఖరీదూ ఎక్కువే. దాన్ని పెట్టినా మనిషి దగ్గర నిలబడి ఊపిరి వదిలితే లెక్క తప్పుతుంది. బయటి గాలిలో పది లక్షల పాళ్లకు 420 పాళ్ల చిల్లర ఉండే ఈ వాయువు మన ఊపిరిలో దాదాపు 40,000 పాళ్లు ఉంటుంది మరి.

తేమ సంగతి చెప్పనక్కర్లేదు. టిన్ ఆక్సైడ్ సెన్సర్‌కు నీటి ఆవిరి కూడా ఒక వాసనే. కోనసీమలో వానాకాలం చూపించే అంకె, అలాంటి గుడ్డుకే ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో చూపించే అంకె ఒకటి కావు. సెన్సర్ కూడా ముసలిదవుతుంది. నెలలు గడిచేకొద్దీ దాని మూల విలువ జరిగిపోతూ ఉంటుంది. మళ్లీ మళ్లీ సరిచేసుకోవాలి. పైగా కోళ్ల మేతలో చేపపొడి ఎక్కువైనా, కొన్ని గోధుమరంగు గుడ్ల కోళ్లలో ఒక జన్యులోపం ఉన్నా, తాజా గుడ్డుకే చేప వాసన వస్తుంది. ట్రైమిథైలమైన్ అనే అమైన్ దానికి కారణం. ఆ గుడ్డును సెన్సర్ పాతదని కొట్టేస్తే తప్పు దానిది కాదు, నేర్పినవాళ్లది.

ఇంతకంటే జాగ్రత్తగా గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. తాజాదనం వేరు, భద్రత వేరు. సాల్మొనెల్లా ఉన్న గుడ్డుకు వాసన ఉండదు, రంగు మారదు. నిన్న పెట్టిన గుడ్డులోనూ అది ఉండవచ్చు. ఏ వాయు సెన్సరూ దాన్ని పట్టలేదు. తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేలా ఉడికించడమే దానికి మందు. ‘స్మార్ట్ సెన్సర్ పరీక్షించిన గుడ్డు’ అన్న లేబుల్ చూసి ఎవరైనా పచ్చిగుడ్డు తాగడం మొదలుపెడితే ఈ సాంకేతికత మేలు కంటే కీడే చేసినట్టు.

గుడ్డుకు కాదు, గోడౌన్‌కు

అలాగని ఈ ముక్కును మూలన పడేయనక్కర్లేదు. దాన్ని పెట్టాల్సిన చోటు వేరు. ఒక్కో గుడ్డును అడగడం మానేసి, గుడ్లున్న గదిని అడగాలి. గోడౌన్‌లో, మూసిన కంటైనర్‌లో, హాస్టల్ స్టోరు గదిలో ఒక హైడ్రోజన్ సల్ఫైడ్ సెన్సర్, పక్కనే ఉష్ణోగ్రత, తేమ కొలిచేవి రెండు పెడితే చాలు. ఎక్కడో ట్రేల అడుగున ఒక గుడ్డు చిట్లి మురగడం మొదలైతే మనిషి ముక్కు అక్కడ రోజంతా ఉండదు, సెన్సర్ ఉంటుంది. వాయువులు పోగవడానికి సమయం కావాలన్న ఇబ్బంది ఇక్కడ రాదు. రాత్రంతా సమయమే. తప్పుడు హెచ్చరిక వచ్చినా నష్టం ఒకసారి ట్రేలు దించి చూసుకోవడమే, వేల గుడ్లు పారేయడం కాదు. ఉష్ణోగ్రత రికార్డు ఉంటే గుడ్లు ఎన్ని గంటలు ఎంత వేడిలో ఉన్నాయో లెక్క తేలుతుంది. ఆ మౌనకాలంలో గుడ్డు గురించి వాసన చెప్పనిది ఆ లెక్క చెబుతుంది.

మన దగ్గర ఈ అవసరం ఎక్కువగా ఉన్నది అంగన్‌వాడీలకు, బడులకు. గుడ్డు అక్కడ పిల్లల భోజనంలో ముఖ్యమైన మాంసకృత్తు. చాలాచోట్ల ఫ్రిజ్ ఉండదు, వచ్చిన గుడ్లు కొన్నాళ్లు గదిలోనే ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనం గుడ్ల మీద వారానికో రంగు ముద్ర వేసే పద్ధతి పెట్టారు. పాత గుడ్లు కొత్తవాటిలో కలవకుండా ఇది మంచి ఉపాయం. ఎలక్ట్రానిక్స్ లేదు, న్యూరల్ నెట్‌వర్క్ లేదు. అయితే రంగు చెప్పేది సరఫరా వారాన్ని, కోడి పెట్టిన రోజును కాదు.

యూరప్‌లో గుడ్డు పెంకు మీదే ఏ దేశం, ఏ ఫారం, కోళ్లను ఎలా పెంచారు అన్న కోడ్ ఉంటుంది. పెట్టిన నాటి నుంచి 28 రోజుల గడువు తేదీ ప్యాకెట్టు మీద ఉంటుంది. అమెరికాలో అట్టపెట్టె మీద ప్యాక్ చేసిన రోజును సంవత్సరంలో ఎన్నో రోజో 001 నుంచి 365 వరకు అంకెల్లో వేస్తారు. మన దగ్గర బ్రాండెడ్ ప్యాకెట్ల మీద తేదీలు కనిపిస్తున్నాయి. విడిగా, ట్రేల్లో అమ్ముడయ్యే గుడ్లకు మాత్రం అలాంటిదేమీ కనిపించదు. కొనేవాళ్లలో ఎక్కువమంది ఆ ట్రేల దగ్గరే ఉన్నారు. వాయు సెన్సర్ల మీద పరిశోధన సాగాల్సిందే. మన పశువైద్య, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు గోదావరి తేమలో, తెలంగాణ ఎండలో వాటిని పరీక్షించి చూడాల్సిందే. అవి పక్వానికి వచ్చే లోపు, ఫారం దగ్గరే ట్రే అంచు మీద ‘పెట్టిన తేదీ’ వేయడానికి ఏ పరిశోధనా అడ్డం రాదు. ప్రభుత్వం సరఫరా టెండర్లలో ఆ షరతు ఒక్కటి పెడితే బడుల నుంచి మొదలై బజారు దాకా వస్తుంది.

అంతవరకూ ఇంట్లో చేయగలిగింది కొంత ఉంది. కొన్న గుడ్లను కడిగి దాచకండి, పెంకు మీది సహజమైన పొర పోతుంది. సన్నవైపు కిందికి ఉండేలా ఫ్రిజ్‌లో లోపలి అరలో పెట్టండి, తలుపు అరలో కాదు. చిట్లినవాటిని ఆ రోజే వాడేయండి. ఈసారి ట్రే తీసుకునేటప్పుడు లోడు ఎప్పుడు దిగిందని కాకుండా, కోడి ఎప్పుడు పెట్టిందని అడగండి. పదిమంది అడిగితే దుకాణదారు హోల్‌సేలర్‌ను అడుగుతాడు, ఆయన ఫారాన్ని అడుగుతాడు.